కమిన్స్ 5.9 క్రాంకు పుల్లీ: కంపెనీదా, బయటిదా, లేతులో చేయించిందా?

కొల్లేటి_బండి:

అన్నలూ, ఒక్క పుల్లీ కోసం నాలుగు రోజుల నుంచి బండి షెడ్డులో పెట్టుకుని కూర్చున్నాను. తలా ఒక మాట చెప్తున్నారు, ఎవరిని నమ్మాలో తెలియక ఇక్కడ అడుగుతున్నా.

బండి టాటా 2518, 2011 మోడల్, కమిన్స్ 5.9 ఆరు సిలిండర్ల ఇంజను. తోలేది కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడు, వెయ్యి కిలోమీటర్ల పైమాటే. ఐసు కరిగేలోపు దింపాలి, దారిలో ఒక పూట ఆగామంటే కిరాయి సంగతి దేవుడెరుగు, పార్టీ మళ్లీ ఫోన్ ఎత్తడు.

రెండు నెలల్లో బెల్టులు మూడు పోయాయి. మొదటిది ఎలాగూ పాతదేలే అని పట్టించుకోలేదు. రెండోది కొత్తది, అంచు దారాలు దారాలుగా లేచి బరంపురం దాటాక తెగింది, బెల్టుని బిగువుగా పట్టే టెన్షనర్ మార్పించాను. మూడోది కూడా అదే వరస, అదే వైపు అంచు. మొన్న ఇంజను ఐడిల్‌లో పెట్టి ముందు నుంచి టార్చి వేసి చూస్తే క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇంజను ఇరుసు) మూతికుండే పుల్లీ బయటి రింగు బెండు తిరిగిన సైకిల్ చక్రంలా ఊగుతోంది. నడిమి హబ్బు మాత్రం నిక్కచ్చిగా తిరుగుతోంది, ఊగేది రింగే. వెనక టైమింగ్ కవర్ మీద నల్లటి పొడి కూడా ఉంది, బెల్టు పొడి అనుకుని తుడిచేశాం.

ఇప్పుడు నా ముందున్న దారులు ఇవీ. షోరూమ్‌లో కంపెనీది ఉంది, రేటు వింటే కళ్లు తిరిగాయి. ఆటోనగర్‌లో రబ్బరు రింగుతోనే బయటి కంపెనీది ఉంది, దాదాపు మూడో వంతు ధర. అదే కొట్లో రబ్బరు లేకుండా ఒకే ముద్దగా పోతపోసింది ఇంకొకటి చూపించాడు, "రబ్బరే లేదు కాబట్టి పోయేదే లేదు, జీవితాంతం" అన్నాడు, అది ఇంకా చవక. అన్నిటికంటే చవక మా లేతు అతనిది, పాతదాంట్లో రబ్బరు తీసేసి రింగునీ హబ్బునీ కలిపి వెల్డింగ్ కొట్టి, లేతు మీద ఎక్కించి సాపు చేసి ఇస్తానంటున్నాడు. ఇవి చాలవన్నట్టు మా బామ్మర్ది అల్యూమినియందేదో చిన్న సైజు పుల్లీ వేస్తే మైలేజి వస్తుందని వీడియో చూసి చెప్పాడు.

పుల్లీ అంటే బెల్టు తిప్పేదే కదా, దీనికింత తేడా ఏంటి? వాడి చూసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఆటోనగర్_మేస్త్రి:

తమ్ముడూ, ముందు ఆ వెల్డింగ్ మాట మర్చిపో. ఆ లేతు అతను మంచోడే కావచ్చు, కానీ అతను చేసిచ్చేది పుల్లీ. నీ ఇంజనుకి కావాల్సింది పుల్లీ కాదు, డ్యాంపర్. దాని నెత్తిన బెల్టు కూడా తిరుగుతుంది, అంతే.

ఎందుకో చెప్తా, కొంచెం ఓపిగ్గా చదువు. ఆరు సిలిండర్ల క్రాంకు పొడుగ్గా ఉంటుంది. ఒక్కో సిలిండర్ పేలినప్పుడల్లా ఆ చోట క్రాంకు వెంట్రుకవాసి మెలితిరుగుతుంది, వెంటనే వెనక్కి వస్తుంది. వెనకవైపు బరువైన ఫ్లైవీల్ పట్టుకుని ఉంటుంది కాబట్టి ఆ మెలి అంతా ముందు మూతివైపు ఎక్కువ కనపడుతుంది. ఒక చుట్టుకి మూడు పేలుళ్లు, 2500 ఆర్‌పీఎం (నిమిషానికి 2500 చుట్లు) దగ్గర లెక్కేసుకో, సెకనుకి 125 దెబ్బలు. ఆ దెబ్బల వరసా క్రాంకు తన సొంత ఊపూ ఎక్కడో ఒక స్పీడు దగ్గర కలుస్తాయి, ఉయ్యాల సరిగ్గా వెనక్కి వచ్చినప్పుడే మళ్లీ తోసినట్టు. అక్కడ మెలి పెరిగిపోతుంది. దాన్ని తినేయడానికే ముందు మూతికి ఒక హబ్బు, దాని చుట్టూ రబ్బరు, ఆ రబ్బరు మీద బరువైన ఇనప రింగు పెట్టారు. క్రాంకు గబుక్కున అటు మెలితిరిగితే రింగు తన బరువుకి వెనకబడుతుంది, మధ్యలో రబ్బరు నలిగి ఆ ఊపుని వేడిగా మార్చేస్తుంది. రబ్బరు ఎంత మెత్తన, రింగు ఎంత బరువు అనేది ఆ క్రాంకుకి లెక్కకట్టి పెట్టినవే.

ఇప్పుడు రింగునీ హబ్బునీ వెల్డింగ్ కొట్టేస్తే ఏమవుతుంది? ఊపు తినేవాడు పోయాడు, బరువు మాత్రం మిగిలింది. అది ఇంకా చెడ్డ. మొదట్లో ఏమీ తెలియదు, బండి బాగానే పోతుంది, బెల్టు కూడా నిలుస్తుంది, అందుకే జనం "నేను వేయించాను, బాగుంది" అంటారు. ఒకే ముద్దగా పోతపోసింది కూడా దాని అన్నే.

ఇంకో పని చెయ్యి. పాత పుల్లీని గుడ్డతో శుభ్రంగా తుడువు, డీజిల్ పెట్టకు. హబ్బు మీదా రింగు మీదా ఎదురెదురుగా ఒక గీత ఉంటుంది. అవి రెండూ ఒక వరసలో ఉండాలి. కమిన్స్ మాన్యువల్ లెక్క 1.59 మిల్లీమీటర్లు, అంటే అంగుళంలో పదహారో వంతు, అంతకంటే జరిగితే మార్చేయమని. రబ్బరు ముక్కలు ఊడినా, ఇనుము అంచు కంటే 3.18 మిల్లీమీటర్ల కన్నా లోపలికి దిగిపోయినా మార్చడమే. నువ్వు తుడిచేశానన్న నల్లపొడి బెల్టుది కాదులే, నా అనుమానం అది రబ్బరుదే. గీతలు చూసి చెప్పు.

మైలేజి_మావయ్య:

మేస్త్రి గారూ, మీరు భయపెట్టేస్తున్నారు. చిన్న పుల్లీ అంటే డైనమో, వాటర్ పంపు, ఫ్యాన్ అన్నీ నిదానంగా తిరుగుతాయి, ఇంజను మీద బరువు తగ్గుతుంది, డీజిల్ మిగులుతుంది. కార్లలో వేస్తున్నారుగా. అల్యూమినియం తేలిక కూడా. ఈ రోజుల్లో లీటరుకి వంద మీటర్లు మిగిలినా మిగిలినట్టే.

ఆటోనగర్_మేస్త్రి:

మావయ్యా, 180 మిల్లీమీటర్ల పుల్లీ తీసి 165ది వేశావనుకో, వందకి ఎనిమిది చుట్లు తగ్గుతాయి. ఫ్యాన్‌కీ ఎనిమిది, నీళ్లకీ ఎనిమిది, చార్జింగుకీ ఎనిమిది. మే నెల మధ్యాహ్నం ఫుల్లు లోడుతో తుని దగ్గర పోతున్నప్పుడు ఆ ఎనిమిది చుట్లు ఎక్కడినుంచి తెస్తావు? రాత్రి ట్రాఫిక్‌లో ఐడిల్ మీద హెడ్‌లైట్లు, ఫ్యాను, టేపు అన్నీ పెట్టుకుని నిలబడితే బ్యాటరీ లైటు వెలుగుతుంది. పైగా ఆ అల్యూమినియంలో డ్యాంపర్ ఉండదు, దాని తేలికదనమే దాని జబ్బు. కారు సంగతి కారుది, చిన్న నాలుగు సిలిండర్ల క్రాంకు పొట్టిగా గట్టిగా ఉంటుంది, అక్కడ కూడా అందరూ ఒప్పుకోరు. మైలేజి కావాలంటే టైర్లలో గాలి చూడు, ఎయిర్ ఫిల్టర్ మార్చు, డ్రైవర్‌కి ఎనభై దాటితే ఫోన్ చెయ్యి.

రెండు_బండ్ల_ఓనర్:

నా అనుభవం చెప్తా, నవ్వుకోండి లేదా తిట్టుకోండి.

అయిదారేళ్ల కిందట నా మొదటి బండికి, ఇదే 5.9, రబ్బరు లేని ముద్ద పుల్లీ వేశాను. కొట్టు పేరు చెప్పను, వాడు కూడా తెలియకే అమ్మి ఉంటాడు. ఆరు నెలలు శుభ్రంగా నడిచింది. తర్వాత 1700, 1800 దగ్గర క్యాబిన్‌లో ఒకరకమైన జుమ్మనే మోత మొదలైంది, డ్రైవర్ చెప్తే గేరు బాక్సు మౌంటింగులు మార్చాం. తగ్గలేదు. ఫ్లైవీల్ బోల్టులు రెండు లూజైతే బిగించాం, అప్పుడైనా బుద్ధి రావాలి కదా, రాలేదు. ఒక రోజు సూళ్లూరుపేట దాటాక ఠప్ మని చప్పుడు, ఇంజను ఆగిపోయింది. దింపి చూస్తే క్రాంకు రెండు ముక్కలు.

విరిగిన చోటు చూశాక నాకు నిద్రపట్టలేదు. అడ్డంగా తెగలేదు. చెరుకుగడని రెండు చేతులతో మెలితిప్పి విరిస్తే ఎలా ఏటవాలుగా విరుగుతుందో అలా విరిగింది, ఆయిల్ రంధ్రం దగ్గర మొదలై. సగం మొహం నున్నగా మెరుస్తోంది, అంటే ఆ పగులు ఎన్నాళ్ల నుంచో కొంచెం కొంచెంగా నడుస్తోందన్నమాట, మిగతా సగం గరుగ్గా, అప్పటికప్పుడు తెగింది. పాత మేస్త్రి ఒకాయన వేలు పెట్టి చూపించి "ఇది బేరింగు పట్టేసి విరిగింది కాదు బాబూ, మెలి" అన్నాడు. పుల్లీ వల్లే అని నేను కోర్టులో రుజువు చేయలేను, కానీ ఆ తర్వాత ముద్ద పుల్లీ వంక చూడలేదు. క్రాంకు, బేరింగులు, బ్లాకులో క్రాంకు కూర్చునే రంధ్రాలు ఒక వరసలో ఉన్నాయో లేదో చెకింగు, ఇరవై రెండు రోజులు బండి ఖాళీ. ఆ డబ్బుతో కంపెనీ డ్యాంపర్లు ఒక గంపెడు వచ్చేవి.

రెండో బండికి బయటిది రబ్బరుతో ఉన్నదే వేశాను, అది నాలుగేళ్లుగా ఉంది. కాబట్టి బయటిదన్నంత మాత్రాన చెడ్డది కాదు.

స్పేర్_కౌంటర్:

నేను ఈ పార్టులు అమ్మేవాడినే కాబట్టి నా మాట కొంచెం తగ్గించుకునే వినండి. మేస్త్రి చెప్పింది నిజమే కానీ కంపెనీ డబ్బా లేకపోతే అన్నీ చెత్తే అన్నట్టు మాట్లాడితే ఒప్పుకోను. బయటి మార్కెట్‌లో మంచి సరుకు ఉంది, పనికిమాలినదీ ఉంది, కొట్లో నిలబడి రెండూ చేతిలో పెట్టుకుంటే చాలావరకు తెలిసిపోతుంది.

పాత పుల్లీ లేకుండా కొట్టుకి వెళ్లకు, ఇది మొదటి మాట. ఇంజను ప్లేటు ఫొటో తీసుకెళ్లు, దాని మీద ఇంజను నంబరూ, సీపీఎల్ నంబరూ (ఆ ఇంజనుకి ఏ పార్టులు వేశారో చెప్పేది) ఉంటాయి. ఒకే 5.9కి పవరు రేటింగుని బట్టి, బెల్టు వరసని బట్టి డ్యాంపర్లు వేరు. "అన్నిటికీ ఇదే పడుద్ది" అన్నాడంటే పక్క కొట్టుకి నడువు.

తర్వాత రెండిటినీ తూకం వెయ్యి. నవ్వకు, పక్కన ఉల్లిపాయల వాడి కాటా అయినా చాలు. రింగు బరువు తక్కువ ఉందంటే ఇనుము మిగుల్చుకున్నాడు, అంటే ఊపు తినే శక్తి కూడా మిగుల్చుకున్నాడు. పాతదానికీ కొత్తదానికీ బరువు బాగా తేడా ఉంటే ఎంత నిగనిగలాడినా వద్దు. ఆ తర్వాత రబ్బరు. చుట్టూ ఒకే మందంలో ఉండాలి, ఒకచోట సన్నంగా ఇంకోచోట లావుగా ఉందంటే రింగు నడిమధ్యలో లేదన్నమాట, బెల్టుని అదే తినేస్తుంది. గోరుతో నొక్కితే గోరు గుర్తు పడి మెల్లగా లేవాలి. రాయిలా ఉంటే ఎన్నేళ్ల నుంచో అల్మారాలో పడున్న సరుకు, రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. రబ్బరు మీద మందంగా రంగు కొట్టి ఉంటే నాకు అనుమానం, పగుళ్లు కప్పడానికే ఎక్కువగా కొడతారు.

రిబ్బులు లెక్కపెట్టు, పాతదానికి ఎన్నో దీనికీ అన్నే. కొత్త బెల్టు ముక్క పెట్టి చూడు, గాడిలో సరిగ్గా కూర్చోవాలి, అంచు ఎక్కకూడదు. ఇక నడిమి రంధ్రం. అది క్రాంకు మూతి మీద బిగుతుగా కూర్చుంటేనే పుల్లీ మధ్యలో ఉంటుంది, బోల్టులు పట్టుకోవడానికే, మధ్యలో నిలపడానికి కాదు. లొడలొడలాడితే డబ్బు వెనక్కి తీసుకో. మంచి కంపెనీవాడు గీతలు కూడా పెడతాడు, గీతే లేని డ్యాంపర్ రేపు జరిగిందో లేదో నీకెలా తెలుస్తుంది?

బిల్లు తీసుకో. బిల్లు లేకుండా రేటు తగ్గిస్తానన్నాడంటే డబ్బాలోది ఏంటో వాడికి తెలుసు.

డల్లాస్_డీజిల్:

అందరికీ నమస్కారం. మాది తణుకు దగ్గర, ఇప్పుడు టెక్సస్. నా దగ్గర 1997 డాడ్జ్ రామ్ 2500 పికప్ ఉంది, దాంట్లో ఇదే 5.9, 12 వాల్వులది. మీ లారీలో ఇంజనే మా ఊళ్లో పికప్‌లో అన్నమాట, ఇక్కడివాళ్లకి దీనిమీద పిచ్చి ప్రేమ.

ఇక్కడ బయటి డ్యాంపర్లు అంటే వేరే కథ. ఫ్లూయిడాంపర్ అని ఒకటుంది, దాంట్లో రబ్బరు ఉండదు. సీలు చేసిన డబ్బా లోపల ఒక బరువైన రింగు, చుట్టూ తేనెకంటే చిక్కటి సిలికాన్ ద్రవం. క్రాంకు మెలి తిరిగినప్పుడు రింగు ఆ ద్రవంలో వెనకబడి ఊపుని తినేస్తుంది. రబ్బరుదైతే ఒక ఊపుకి లెక్కగట్టి చేస్తారు, దీనికి ఆ పట్టింపు తక్కువ, అన్ని స్పీడుల్లోనూ పనిచేస్తుంది. పెద్ద పెద్ద డీజిల్ ఇంజన్లకి ఫ్యాక్టరీ నుంచే ఈ రకం వస్తాయి. ఒకటే జాగ్రత్త, బయటి డబ్బాకి సొట్ట పడితే లోపలి రింగు పట్టేస్తుంది, అప్పుడది వెల్డింగ్ చేసిన పుల్లీతో సమానం. ఏటీఐ వాళ్లది ఇంకో రకం, రబ్బరు రింగులే కానీ విప్పి మార్చుకోవచ్చు.

నేను ఫ్లూయిడాంపర్ వేశాను, ఎందుకంటే ఇక్కడ ఇంజను స్పీడుకి హద్దు పెట్టే గవర్నర్ స్ప్రింగులు మార్చి మూడు వేల ఆర్‌పీఎం దాటించి తిప్పుతారు, డీజిల్ పెంచుతారు, నేనూ ఆ పాపం చేశాను. ఫ్యాక్టరీ డ్యాంపర్ ఆ స్పీడుకి చేసింది కాదు. ఐడిల్‌లో నునుపు తెలిసింది, హైవే మీద అద్దంలో వణుకు తగ్గింది. కానీ కొల్లేటి బండి గారూ, మీ బండి 2500 లోపే తిరుగుతుంది, పవరు పెంచలేదు. మీకు ఇది అక్కర్లేదు, ఆ డబ్బు టైర్లకి పెట్టండి. పోనీ ఎవరితోనైనా ఇక్కడి నుంచి తెప్పించుకుందాం అని కూడా అనుకోవద్దు, పికప్ బెల్టు వరస వేరు, పుల్లీ లోతు వేరు, నా దాంట్లో అయితే డ్యాంపర్ మీది గాట్లని ముందున్న సెన్సర్ చదువుతుంది. ఇంజను ఒకటే, ముందు మొహం ఒకటి కాదు.

కొల్లేటి_బండి:

అందరికీ దండాలు. పుల్లీ తుడిచి గీతలు చూశాను. ఒకదానికొకటి ఎదురుగా ఉండాల్సినవి నా బొటనవేలంత ఎడంగా ఉన్నాయి, కొలిస్తే పద్నాలుగు మిల్లీమీటర్లు! రబ్బరు ఒకవైపు బయటికి ఉబ్బింది, ఇంకోవైపు అగ్గిపుల్ల దూరిపోతోంది. ముందు ఆయిల్ సీలు కూడా చెమరుస్తోంది. ప్రతి సర్వీసింగ్‌కీ ఛాసిస్‌తో పాటు ఇంజను ముందర కూడా డీజిల్ కొట్టిస్తాను, అది తప్పా?

ఆటోనగర్_మేస్త్రి:

తప్పే. డీజిలూ ఆయిలూ రబ్బరుని ఉబ్బించి మెత్తబెట్టేస్తాయి. ఇకనుంచి ఇంజను ముందుభాగానికి నీళ్లు, సబ్బు చాలు.

సీలు చెమరుస్తోందంటే పుల్లీ తీసినప్పుడే మార్చెయ్యి, మళ్లీ విప్పే పని లేకుండా. కొత్త సీలు వేసేటప్పుడు మనవాళ్లు అలవాటుగా పెదవికి నూనో గ్రీజో పూస్తారు, ఈ ఇంజనుకి అలా చేయొద్దు, సీలు పెదవీ క్రాంకు మూతీ రెండూ పొడిగా ఉండాలి. మూతి మీద గోరు తగిలేంత గాడి పడి ఉంటే సీలు ఒక్కటే మారిస్తే ఆగదు, ఆ గాడి మీద స్లీవు (సన్నటి ఇనప తొడుగు) వేయించు. పుల్లీని సుత్తితో కొట్టి ఎక్కించనివ్వకు, రింగు మీద ఒక్క దెబ్బ పడినా రబ్బరు అంటు వదులుతుంది. నాలుగు బోల్టులూ ఎదురెదురుగా, విడతలుగా, టార్క్ రెంచితో. మాన్యువల్‌లో 125 న్యూటన్ మీటర్లు ఉంటుంది, నీ ఇంజనుది ఒకసారి చూసుకో. పైపు తొడిగి "బిగిసింది" అనే లెక్క వద్దు.

కొల్లేటి_బండి:

చివరికి ఏం చేశానో చెప్పి వదిలేస్తా, రేపు ఎవరైనా వెతుక్కుంటే పనికొస్తుంది.

కంపెనీది కొనలేదు, ఉన్నమాట చెప్పాలంటే చేతిలో డబ్బు లేదు, టైర్లు రెండు వేయాలి. బయటిది రబ్బరుది మూడు కొట్లలో చూశాను. మొదటి కొట్లోది పాతదానికంటే దాదాపు కిలో తేలిక, తూకం వేయమంటే కొట్టువాడు నన్ను పిచ్చోణ్ణి చూసినట్టు చూశాడు. రెండో చోట గీత లేదు. మూడో చోట దొరికింది, బరువు సరిపోయింది, రబ్బరు సమానంగా ఉంది, ఎక్కించాక ఊగుడు కొలిచే డయల్ గేజి పెట్టి చేత్తో తిప్పితే ముల్లు పెద్దగా కదల్లేదు. సీలు మార్చాం, స్లీవు అవసరం పడలేదు. ఇనప స్కేలు పెట్టి పుల్లీలన్నీ ఒక వరసలో ఉన్నాయో చూస్తే బెల్టుకి దారి చూపే ఐడ్లర్ పుల్లీ బ్రాకెట్ బోల్టు ఒకటి లూజు, అది కూడా బెల్టుల మీద తన వంతు పని చేసి ఉంటుంది.

బయల్దేరేముందు రింగు నుంచి హబ్బు దాకా తెల్ల పెయింటుతో అడ్డంగా సన్నటి గీత ఒకటి గీశాను. రెండు హౌరా ట్రిప్పులు అయ్యాయి. నిన్న కైకలూరులో దిగ్గానే మొదట టార్చి వేసి చూసింది దాన్నే, ముక్కలు కాకుండా ఒకే గీతగా ఉంది. బెల్టు అంచు నున్నగా ఉంది. డ్రైవర్ మాత్రం "ఇంజను ఏదో నిద్రపోతున్నట్టుంది సార్, చప్పుడు తగ్గింది" అంటున్నాడు.

పాత పుల్లీ షెడ్డులోనే ఉంది, లేతు అతను తనకి ఇచ్చేయమని రెండుసార్లు అడిగాడు.

ఆటోనగర్_మేస్త్రి:

ఇవ్వకు. పాతసామాన్లవాడికి వేసేముందు గ్రైండర్‌తో రింగు రెండు చోట్ల కోసెయ్. లేకపోతే వెల్డింగ్ కొట్టి నల్లరంగేసి నీలాంటి ఇంకొకడికి అంటగడతారు.